అల్లుడూ, కంట్రోలర్ కొనే ముందు ఒక మాట

ఒరేయ్ అల్లుడూ,

రుషికొండ అపార్ట్‌మెంట్ వాళ్ళ పంపులు, జనరేటరు, మెట్ల లైట్లు అన్నీ ఫోన్‌లోంచే చూసుకునేలా చేసే పని నీకు దక్కిందని రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నాకు ఛాతీ పొంగింది. ఆ వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది. వాటన్నిటినీ వేసి ఆపే డబ్బా, అదే కంట్రోలర్, ఇంకా ఖాయం చేయలేదట కదా, మంచిదే అయింది.

నీకు తెలిసినవి ముందు అనేస్తాను. సెన్సర్ల నుంచి వచ్చే ఇన్‌పుట్లు, పంపులకి వెళ్ళే అవుట్‌పుట్లు లెక్క రాసుకుని పైన కొన్ని ఖాళీ ఉంచు. కరెంటు మీటర్లకి, జనరేటర్ ప్యానెల్‌కి సాధారణంగా మాడ్‌బస్ ఉంటుంది, అంటే యంత్రాలు మాట్లాడుకునే భాష. కాబట్టి ఆ వైర్లు తగిలించే ఆర్‌ఎస్-485 పోర్టు తప్పనిసరి. ఆ కేబుల్ రెండు చివర్లా 120 ఓమ్ రెసిస్టర్ మర్చిపోకు. మోటారుకీ కంట్రోలర్‌లోని చిన్న రిలేకీ మధ్య కాంటాక్టర్ పెట్టు, అదే పెద్ద కరెంటు మోసే స్విచ్.

ఇప్పుడు అసలు సంగతి. ట్యాంకు నిండింది, పంపు ఆపాలి అని నిర్ణయించేది ఎవరు? గోడ మీది డబ్బానా, ఎక్కడో ఉన్న సర్వరా? అమ్మేవాణ్ణి మొదట ఇదే అడుగు. వాడు నసిగితే లేచి వచ్చెయ్.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన విశాఖ మీద విరుచుకుపడినప్పుడు నువ్వింకా స్కూల్లో ఉన్నావు. బీచ్ వైపు ఒక హోటల్లో అప్పటికే ఇలాంటి సిస్టమ్ పెట్టారు. మేనేజరు తెలిసినవాడు, మర్నాడు మనిషిని పంపితే పడిన చెట్లు దాటుకుంటూ వెళ్ళాను. జనరేటరు నడుస్తోంది. పంపు బాగానే ఉంది. సెల్లార్‌లో మాత్రం మోకాలి లోతు నీళ్ళు, లిఫ్ట్ పిట్ మునిగిపోయింది. సెన్సర్ నీటి మట్టం చెబుతూనే ఉంది, కానీ పంపు వెయ్యమనే ఆర్డరు వేరే ఊళ్ళో ఉన్న సర్వర్ నుంచి రావాలి. ఊళ్ళో ఫోన్ సిగ్నలే లేదాయె! పొయ్యి మీద పాలు పొంగుతుంటే పొరుగూరి అత్తగారికి ఉత్తరం రాసి, దించమంటారా అని అడిగినట్టుంది వ్యవహారం.

పోనీ చేత్తో వేద్దామంటే ప్యానెల్ మీద ఆటో, మాన్యువల్ స్విచ్చే లేదు. అందంగా ఉండదని తీసేశారట! చివరికి వాచ్‌మన్ ఎండు చెక్కముక్క ఒకటి కాంటాక్టర్ మీద పెట్టి, గట్టిగా నొక్కిపట్టి పంపు ఆడించాడు. కాళ్ళ కింద నీళ్ళు, ముందు 415 వోల్టులు. వెంటనే మెయిన్ ఆపించి, బయట స్టార్టర్ తగిలించి పంపు నడిపించాం. ఆ చెక్కముక్క తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది. నువ్వు పెట్టే ప్యానెల్‌లో ప్రతి పంపుకీ చేతి స్విచ్ ఉండాలి, పక్కన తెలుగులో రాసి ఉండాలి. ఇందులో బేరం లేదు.

నీటి మట్టం చెప్పే లెవెల్ సెన్సర్ 4-20 మిల్లీఆంప్ సిగ్నల్ ఇచ్చేదే తీసుకో. అందులో ఖాళీ ట్యాంకుకి 4 వస్తుంది, వైరు తెగితే సున్నా. 0-10 వోల్టులదైతే రెండింటికీ సున్నాయే, కంట్రోలర్ ట్యాంకు ఖాళీ అనుకుని పంపు తోలుతూనే ఉంటుంది. డాబా మీద మామూలు ఇనప బాక్సు పెట్టావంటే మన ఉప్పుగాలి దాన్ని తినేస్తుంది. ఫైబర్ బాక్సు పెట్టు, లోపలి సర్క్యూట్ బోర్డు మీద తేమ తగలకుండా కోటింగ్ ఉందో లేదో అడుగు.

రౌటర్‌లో పోర్టు తెరిచి కంట్రోలర్‌ని నేరుగా ఇంటర్నెట్ మీద పెట్టకు, వీపీఎన్ ద్వారానే, అంటే బయటివాళ్ళు చొరబడలేని రహస్య దారిలోనే వెళ్ళు. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ అదే రోజు మార్చు. బద్ధకించావంటే చెవి మెలిపెడతాను, పెళ్ళీడుకొచ్చావని కూడా చూడను.

డబ్బు కట్టే ముందు వాళ్ళ ఎదురుగానే రౌటర్ పీకేసి, ట్యాంకులో నీటి మీద తేలే ఫ్లోట్ స్విచ్‌ని చేత్తో ఎత్తి, పంపు దానంతటదే ఆగుతుందో లేదో చూడు. తర్వాత కరెంటు తీసి మళ్ళీ ఇవ్వు. అన్ని పంపులూ ఒక్కసారే లేస్తే ఆ కంట్రోలర్ వద్దు, లేదా ప్రోగ్రామ్ మార్పించు.

రాత్రిళ్ళు సైట్‌లో ఒక్కడివే ప్యానెల్ తెరవకు నాన్నా, మీ అమ్మకి నువ్వొక్కడివే. కొటేషన్ మీద సంతకం పెట్టే ముందు నాకు ఫొటో పంపు. మోడల్ నంబరు కనబడాలి, పోయినసారి నీ బొటనవేలే కనబడింది.

మీ మావయ్య