పసిబిడ్డ ఊపిరి: ముక్కు కాదు, డొక్కలు చూడండి

బొబ్బిలి నుంచి ఈ మధ్యే న్యూజెర్సీ వచ్చిన ఒక చెల్లెమ్మ అడిగింది: "అక్కా, బాబుకి మూడు వారాలు. నిద్రలో గబగబా ఊపిరి తీస్తాడు, ఉన్నట్టుండి ఆపేస్తాడు, మళ్లీ మొదలెడతాడు. అత్తయ్యగారికి వీసా రాలేదు. రాత్రంతా ముక్కు దగ్గర వేలు పెట్టుకుని కూర్చుంటున్నాం."

మేమూ అలాగే కూర్చున్నాం, చెల్లెమ్మా. నువ్వు చెప్పింది పసిపిల్లల్లో మామూలే. ఐదు నుంచి పది సెకన్లు ఆగి, తర్వాత వేగంగా తీసి, మళ్లీ సర్దుకుంటారు. నెలలు నిండకుండా పుట్టినవాళ్లలో ఇంకాస్త ఎక్కువ. ఆరు నెలలు వచ్చేసరికి సాధారణంగా పోతుంది. రంగు మారకుండా, పాలు బాగా తాగుతుంటే టెన్షన్ పడక్కర్లేదు.

లెక్కపెట్టడం మాత్రం నేర్చుకో. బిడ్డ ఏడవనప్పుడు, నిద్రలో ఉన్నప్పుడు, పొట్ట లేచి పడటం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేస్తే తప్పు వస్తుంది, ఎందుకంటే ఊపిరి ఒక్క తీరున ఉండదు. నిమిషానికి 30 నుంచి 60 మామూలు. 60 దాటితే కాసేపాగి మళ్లీ లెక్కపెట్టు. రెండోసారీ దాటితే రాత్రయినా సరే డాక్టర్‌కి ఫోన్ చెయ్యి.

ఈ లెక్క నాకు చెప్పింది మా వదిన. టెక్కలి దగ్గర పల్లెలో ఆశా కార్యకర్త, గడియారం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగే మనిషి. మావాడికి రెండో నెల, జనవరి చలి, జలుబు చేసింది. నర్సు లైన్‌కి ఫోన్ చేస్తే "రిట్రాక్షన్స్ ఉన్నాయా?" అని అడిగింది. ఆ మాట నాకు తెలీదు. తెలీదని చెప్పడానికి మొహమాటపడి, లేవన్నాను. గంట తర్వాత వీడియో కాల్‌లో వదిన, "గుంటడి చొక్కా ఎత్తి సూపించు. డొక్కలెగరేత్తన్నాడేటి?" అంది. ఎత్తాను. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం లోపలికి పోతోంది. "ఫోన్ పెట్టేసి ఆస్పత్రికి పద" అంది. ఆర్‌ఎస్‌వీ అన్నారు, పసిపిల్లల ఊపిరితిత్తులకి పట్టే ఒక వైరస్. రెండు రాత్రులు ఆక్సిజన్ మీద ఉన్నాడు.

నర్సు అడిగిందీ వదిన అడిగిందీ ఒకటే. మనూళ్లో ప్రతి ముసలమ్మకీ తెలిసిన సంగతి, ఇంగ్లీషులో అడిగేసరికి నాకు అందలేదు. అందుకే అర్థం కాకపోతే అర్థం కాలేదనే చెప్పు. ఆస్పత్రిలో తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడుగు, డబ్బులు తీసుకోరు.

డొక్కలు ఎగరేసినా, ముక్కుపుటాలు అదురుతున్నా, పాలు తాగలేకపోతున్నా, తడి డైపర్లు తగ్గినా ఆగకూడదు. మూడు నెలల లోపు బిడ్డకి జ్వరం 100.4 ఫారెన్‌హీట్ చేరితే, వేరే ఏ లక్షణం లేకపోయినా వెంటనే డాక్టర్‌కి చెప్పాలి. 20 సెకన్లు ఊపిరి ఆగినా, ప్రతి శ్వాసకీ మూలుగుతున్నా, వేలాడిపోయినా, లేపినా లేవకపోయినా అంబులెన్స్ కోసం 911కే ఫోన్ చెయ్యి, కారు తియ్యకు. మన పిల్లల ఒంటిరంగు మీద నీలం సరిగా తెలీదు, పెదాలు, నాలుక, చిగుళ్లు చూడాలి. చలికి చేతులు, కాళ్లు ఒక్కటే నీలంగా ఉంటే అది వేరు.

అత్తయ్యగారు ఫోన్‌లో ముక్కులో ఆముదం చుక్క వెయ్యమంటారు. వద్దు, నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సెలైన్ చుక్కలు వేసి, పాలకి ముందు ముక్కు చీమిడి తీసే రబ్బరు బల్బుతో మెల్లగా లాగు. విక్స్ రెండేళ్ల లోపు వాడకూడదని డబ్బా మీదే ఉంటుంది. సాంబ్రాణి పొగా వద్దు. మా అపార్ట్‌మెంట్‌లో ఒకసారి వేస్తే అలారం మోగి అందరూ మెట్లు దిగారు, ఆ సిగ్గు నాకింకా పోలేదు. బాబుని వెల్లకిలా, తలగడ, దుప్పటి లేకుండా, మీ గదిలోనే వేరే పక్కమీద పడుకోబెట్టండి.

అన్నట్టు, బాబు పేరు ఇన్సూరెన్స్‌లో చేర్చారా? చాలా ఉద్యోగాల ప్లాన్లలో పుట్టిన రోజు నుంచి 30 రోజులే గడువు. మీకు ఇంకో వారం మిగిలింది.