డి నటాలే గురించి రాస్తున్న యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

ఇటలీ ఫుట్‌బాల్ ఆటగాడు ఆంటోనియో డి నటాలే మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. వాక్యం మీద నీకు పట్టుంది, పడిన శ్రమ కూడా కనబడుతోంది. అయితే ఐరోపా దేశాల టోర్నీ అయిన యూరో 2008 క్వార్టర్ ఫైనల్‌లో, వియన్నాలో, అతని పెనాల్టీని స్పెయిన్ గోల్‌కీపర్ కాసియస్ ఆపేయడంతో మొదలుపెట్టి, నాలుగేళ్ల తర్వాతి యూరోలో, పోలండ్‌లోని గ్దాన్‌స్క్‌లో అదే కాసియస్‌ను దాటించి అతను కొట్టిన గోల్‌తో ముగించావు. ఇటలీలోని ఉదినేసే క్లబ్‌లో అతను గడిపిన 12 సీజన్లు ఆ మొదలుకూ ముగింపుకూ మధ్య రెండు పేరాలకు కుదించుకుపోయాయి. పైగా గ్దాన్‌స్క్ మ్యాచ్ 1-1తో డ్రా అయింది, అదే టోర్నీ ఫైనల్‌లో స్పెయిన్ ఇటలీని 4-0తో ఓడించింది. కాబట్టి ప్రతీకారం అన్న నీ మాట అక్కడ నిలవదు. ఆ టోర్నీ మొత్తంలో స్పెయిన్ ప్రత్యర్థులకు ఇచ్చిన గోల్ డి నటాలే కొట్టిన ఆ ఒక్కటే అన్న విషయాన్ని మాత్రం ఎందుకో వదిలేశావు.

ఏటా నికరంగా గోల్స్ కొట్టే ఆటగాడి గురించి రాయడం కష్టం, ఎందుకంటే అతని కథలో పెద్ద మలుపులుండవు, ఒకే పని మళ్లీ మళ్లీ జరుగుతుంది. ఆ పునరావృతిని విసుగు పుట్టకుండా చెప్పాలంటే అతని అంకెల పక్కన జట్టు పరిస్థితిని నిలబెట్టాలి. 2009-10లో డి నటాలే 29 గోల్స్‌తో ఇటలీ అగ్రశ్రేణి లీగ్ సెరీ ఆలో టాప్ స్కోరర్ అయ్యాడు, అప్పటికి అతనికి 32 ఏళ్లు, ఉదినేసే మాత్రం 15వ స్థానంలో మిగిలింది. మరుసటి ఏడాది 28 గోల్స్‌తో మళ్లీ అతనే టాప్ స్కోరర్, ఈసారి జట్టు నాలుగో స్థానానికి ఎగబాకింది. అతని లెక్క దాదాపు అదే. మారింది చుట్టూ ఉన్న జట్టు: కోచ్‌గా గ్విడోలిన్ వచ్చాడు, పక్కన అలెక్సిస్ సాంచెజ్ విజృంభించాడు. పలెర్మో జట్టును దాని సొంత మైదానంలోనే 7-0తో ఓడించిన రోజు సాంచెజ్ నాలుగు, డి నటాలే మూడు కొట్టారు. ఆ వేసవిలో సాంచెజ్ బార్సిలోనాకూ, మిడ్‌ఫీల్డర్ ఇన్లర్ నాపోలికీ వెళ్లిపోయినా, తర్వాతి రెండు సీజన్లలో డి నటాలే 23 చొప్పున గోల్స్ చేశాడు. నీ వ్యాసానికి నడుము కావలసింది ఈ నాలుగేళ్లే.

అతని ఎత్తు 170 సెంటీమీటర్లే. అందుకే గోల్ పడిన క్షణం కన్నా ముందు, చివరి డిఫెండర్ భుజం పక్కన నిలిచి, బంతి బయలుదేరే వేళకు తన పరుగును సరిపెట్టుకునే ఆ నాలుగైదు అడుగులను వర్ణించు. తర్వాత బంతిని ఆపకుండానే తన్నే ఆ వాలీ ఎలాగూ పాఠకుడికి అర్థమవుతుంది.

2010లో పెద్ద క్లబ్ యువెంటస్ పిలిచినా అతను వెళ్లలేదన్న సంగతిని నువ్వు త్యాగంగా చిత్రించావు. కుటుంబంతో స్థిరపడిన ఊరిని వదలడం ఇష్టంలేని మనిషి నిర్ణయంగా రాస్తే చాలు, మహాత్ముణ్ణి చేయనక్కరలేదు. 2011 ఆగస్టులో ఆర్సెనల్ మీద చాంపియన్స్ లీగ్ అర్హత మ్యాచ్‌లో అతను పెనాల్టీ పోగొట్టిన ముచ్చటనూ దాచకు, అదే మ్యాచ్‌లో అంతకు ముందు గోల్ కొట్టిందీ అతనే. నమ్మదగిన ఆటగాడు అన్నంత మాత్రాన ఎప్పుడూ గురి తప్పడని నువ్వు అనుకుంటున్నట్టుంది.

సెరీ ఆలో అతని మొత్తం 209 గోల్స్‌ను మొదటి వాక్యంలోనే చెప్పేశావు. అక్కడ అది ఉత్త అంకె. వాటిలో 191 ఉదినేసే తరఫున, 18 అతని అంతకు ముందరి క్లబ్ ఎంపోలి తరఫున వచ్చాయని విడదీసి, నాలుగేళ్ల కథ పూర్తయ్యాక పెట్టు. నేపుల్స్‌లో పుట్టిన ఈ కుర్రాడు ఎంపోలి ద్వారా సెరీ ఆలో అడుగుపెట్టేసరికి దాదాపు 25 ఏళ్లు. అంత ఆలస్యంగా మొదలైన ఆట 2016 దాకా ఎలా సాగిందో పాఠకుడు అడుగుతాడు కనుక, ఎంపోలి రోజులకు మరొక పేరా కేటాయించి, వియన్నాను మధ్యలోకి జరిపి, తిరగరాసి పంపు.