ఎపిడ్యూరల్ వేయించుకుంటే జ్వరం వస్తుందా?

మొదటి కాన్పు, వచ్చే నెల డేటు, ఎపిడ్యూరల్ (నొప్పులు తెలియకుండా నడుములో ఇచ్చే మత్తు సూది) వేయించుకుంటే జ్వరమొచ్చి బిడ్డని ఐసీయూలో పెడతారంట నిజమేనా అని అడిగారు కదండి, నాకు అచ్చం అదే జరిగింది, అందుకే రాస్తున్నా.

మాది రాజోలు వైపు, నొప్పులు మొదలయ్యాక కారులో కాకినాడ తీసుకెళ్ళారు, ఎదుర్లంక వంతెన మీద ప్రతి కుదుపుకీ ప్రాణం పోయినంత పనైంది. నడుములో ఆ సూది పడ్డాక అరగంటలో హాయిగా నిద్రపోయానండి, నిజంగా. ఇంకో ఆరు గంటలు గడిచాక, సాయంత్రం వణుకు మొదలైంది, కాళ్ళు మొద్దుబారి ఉన్నాయి, ఒళ్ళేమో కాలిపోతోంది, చూస్తే 101. బిడ్డ గుండె కూడా స్పీడుగా కొట్టుకుంటోందన్నారు. వెంటనే యాంటీబయాటిక్ సెలైన్‌లో ఎక్కించేశారు.

మా అత్తగారు "చెప్పానా, నడుములో సూదులొద్దని" అని మొదలెట్టారు, ఆవిడ చెప్పిందాంట్లో సగం నిజమే లెండి. మత్తు డాక్టర్ గారు తర్వాత చెప్పారు, ఎపిడ్యూరల్ తీసుకున్నవాళ్ళలో సుమారు అయిదుగురిలో ఒకళ్ళకి 100.4 దాటుతుందంట, మొదటి కాన్పు అయ్యి నొప్పులు గంటలు గంటలు సాగితే ఇంకా ఎక్కువంట. చాలాసార్లు క్రిములేం ఉండవు, క్రిములు లేకుండానే ఒళ్ళు వేడెక్కే ఇన్‌ఫ్లమేషన్ అంతే, ముందే పారాసిటమాల్ వేసినా ఆగదు. కానీ ఉమ్మనీటికి ఇన్ఫెక్షనొచ్చినా జ్వరం ఇలాగే ఉంటుంది, ఆ టైంలో ఏది ఏదో తేల్చలేరు, అందుకే యాంటీబయాటిక్ ఇచ్చేస్తారు. దానికి మాత్రం వద్దనకండి.

బిడ్డ పుట్టగానే తీసుకెళ్ళిపోయారు, బొటనవేలంత చేతికి అట్టముక్క కట్టి సూది పెట్టారు, అది చూసి ఏడ్చినంత నొప్పులకి కూడా ఏడవలేదు నేను. రెండు రోజులకి బ్లడ్ కల్చర్‌లో (రక్తంలో క్రిములున్నాయా అని చూసే పరీక్ష) ఏం లేదని ఇచ్చేశారు, నా జ్వరం తెల్లారేసరికే పోయింది.

మళ్ళీ కాన్పొస్తే మళ్ళీ వేయించుకుంటానండి. మీరు మాత్రం ఉమ్మనీరు పోతే ఎన్నింటికి పోయింది, రంగు ఏంటి, వాసనుందా అని రాసి పెట్టుకోండి, జ్వరం రాగానే మొదట అడిగేది అదే, మా ఆయన నీళ్ళు నమిలారు. పిల్లల ఐసీయూ అదే ఆసుపత్రిలో ఉందా, వేరే చోటికి పంపుతారా అన్నది కూడా ఇప్పుడే కనుక్కోండి. మాది పై అంతస్తే కాబట్టి మా అమ్మ రాత్రంతా మెట్లెక్కి పాలు అందించింది.