‘పొగరు’ అని తేల్చేసే ముందు

అమ్మాయీ,

నీ ఉత్తరం చదివాను. లెక్కల పీరియడ్ మొదలవగానే ఆ అబ్బాయి పుస్తకం విసిరేస్తాడనీ, గద్దిస్తే బల్ల కింద దూరతాడనీ రాశావు. ‘పొగరు’ అని కూడా తేల్చేశావు. ఆ మాటను కొన్నాళ్లు పక్కన పెట్టు, అది భయమూ కావచ్చు. భయపడ్డ పిల్లలందరూ ఏడవరు. కొందరు ఎదురు తిరుగుతారు, కొందరు తప్పించుకుపోతారు, కొందరు బిగుసుకుపోయి ఉలకరు, పలకరు. గుండె దడదడలాడుతూ కడుపులో తిప్పుతున్నప్పుడు హితబోధ చెవికెక్కదు. గొంతు తగ్గించి రెండు ముక్కలు చెప్పు, కాస్త దూరం జరుగు. చుట్టూ ఉన్న పిల్లల చూపు మళ్లించు.

ముందు ఒక వారం పాటు కాగితం మీద మూడు గళ్లు గీసి రాసిపెట్టు: గొడవకు ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, ఆ తర్వాత ఏమైంది. అసలు సంగతి మూడో గడిలో దొరుకుతుంది. పుస్తకం విసిరిన ప్రతిసారీ బయటికి పంపుతున్నావనుకో, లెక్క చేసే బాధ తప్పింది, భయం తగ్గింది. రేపూ అదే దారి పడతాడు.

అందుకే జాలిపడి పూర్తిగా వదిలేయడం కూడా నాకు నచ్చదు. పని తీసేయకు, చిన్నది చెయ్యి. బోర్డు దగ్గరికి రానంటే కూర్చున్నచోటే చెప్పమను. అదీ కష్టమైతే నోటు పుస్తకంలో చేసి నీకొక్కదానికే చూపించమను. ‘రేపు మూడో లెక్క నిన్ను అడుగుతాను’ అని ముందు రోజే చెవిన వెయ్యి. అది కుదిరాక ఇంకో మెట్టు ఎక్కించు. మరీ ఉక్కిరిబిక్కిరైతే బల్ల మీద పెన్సిలు అడ్డంగా పెట్టాలని ఇద్దరూ అనుకోండి. అది చూడగానే నువ్వేమీ అడగకుండా ఐదు నిమిషాలు బయటికి పంపాలి. తిరిగొచ్చాక సంజాయిషీలు వద్దు, ఆగిన లెక్క దగ్గరే మొదలుపెట్టించు.

అన్నట్టు, బుద్ధిమంతులనీ గమనించు, వాళ్లలోనూ కొందరికి ఈ భయం ఉంటుంది. కాగితం చిరిగేదాకా రబ్బరుతో చెరిపే పిల్ల, ప్రతి వరసకూ ‘సరేనా టీచర్?’ అని అడిగే పిల్ల ఎవరినీ ఇబ్బంది పెట్టరు కనుక ఎవరి కంటా పడరు. అడిగినప్పుడల్లా ‘సరిగ్గానే ఉంది’ అనకు, ‘నీకేమనిపిస్తోంది?’ అని అడుగు.

బడికి వచ్చే ముందు కడుపునొప్పి అంటే నాటకమనకు, నొప్పి నిజమే. డాక్టరు చూసి ఏమీ లేదన్నా వారాల తరబడి సాగితే, బడి మానేస్తుంటే, తల్లిదండ్రులతో మాట్లాడి, పిల్లల మనసు సమస్యలు చూసే కౌన్సెలర్ దగ్గరికి పంపు. అది మన చేతిలో తేలే పని కాదు.

వారం తిరిగాక ఆ కాగితం నాకు పంపు.

మీ మాస్టారు