పాప పుట్టిన దేశపు ఆసుపత్రికి ఎఫ్‌డీ తెంపి ఇవ్వొచ్చా?

ప్రశ్న: అమెరికాలో ఉన్నప్పుడు 2014లో ఇథియోపియా నుంచి మా పాపను దత్తత తీసుకున్నాం. ఇప్పుడు అనంతపురంలో స్థిరపడ్డాం. పాప ఎనిమిదో తరగతి. అడిస్ అబాబాలోని ఫిస్టులా ఆసుపత్రికి 4 లక్షలు ఇవ్వాలని ఉంది. పాప చదువుకని ఎఫ్‌డీలో 9 లక్షలు దాచాం. అందులోంచి తీయొచ్చా? పన్ను మినహాయింపు వస్తుందా?

జవాబు: ఎఫ్‌డీ జోలికి వెళ్లొద్దమ్మా. ఆసుపత్రికి మాత్రం తప్పకుండా ఇవ్వండి.

మంచి చోటే ఎంచుకున్నారు. ఆస్ట్రేలియా నుంచి వెళ్లిన హామ్లిన్ డాక్టర్ దంపతులు 1974లో పెట్టిన ఆసుపత్రి అది. కాన్పు కష్టమై రెండు మూడు రోజులు నొప్పులు పడితే, బిడ్డ తల ఒత్తిడికి లోపలి కండకు రక్తం అందక చచ్చి, మూత్రసంచికి చిల్లు పడుతుంది. దాన్నే ఫిస్టులా అంటారు. ఇక మూత్రం ఆగదు. బిడ్డ చాలాసార్లు దక్కదు, వాసనకు అయినవాళ్లే ఆ తల్లిని దూరం పెడతారు. అలాంటివాళ్లకు అక్కడ ఉచితంగా ఆపరేషన్ చేస్తారు. 2007లో మంత్రసానుల కాలేజీ కూడా మొదలుపెట్టారు. కాన్పు అడ్డం తిరుగుతోందని ముందే కనిపెట్టి సిజేరియన్‌కు పంపే మనిషి పక్కనుంటే ఈ గతే పట్టదు కదా. నన్నడిగితే మీ డబ్బు ఆ చదువులకు వెళ్లేలా అడగమంటాను.

మన బత్తలపల్లిలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ నడిపే ఆసుపత్రి మీకు తెలియంది కాదు. స్పెయిన్‌లో మామూలు సంసారులు ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా పంపిన డబ్బు దాని వెనక ఉంది. మీరూ అదే పద్ధతి పట్టండి. నెలకు 3,000 చొప్పున ఏడాది రికరింగ్ డిపాజిట్ (ఆర్డీ) కట్టండి, ఏటా పది శాతం పెంచి కొత్తది తెరుస్తూ పోండి. వడ్డీ లెక్కేయకుండానే పదేళ్లలో 5 లక్షల 70 వేలు దాటుతుంది. మీరనుకున్న 4 లక్షలకన్నా ఎక్కువ, పాప కాలేజీ ఫీజుకు చెయ్యి పెట్టకుండా.

పంపడం మాత్రం ఏడాదికి ఒక్కసారే. విదేశానికి పంపే ప్రతిసారీ బ్యాంకు ఛార్జీ ఉంటుంది, మారకం రేటులోనూ కొంత పోతుంది. నెలనెలా 3,000 పంపితే ఆసుపత్రికన్నా బ్యాంకుకే మేలు. పాన్ ఇచ్చి, విదేశానికి డబ్బు పంపేందుకు బ్యాంకులో నింపే ఏ2 ఫారంలో దానం అని రాస్తే చాలు. విదేశాలకు డబ్బు పంపుకోనిచ్చే రిజర్వు బ్యాంకు ఎల్ఆర్ఎస్ పథకం కింద ఏడాదికి మనిషికి రెండున్నర లక్షల డాలర్ల దాకా అనుమతి ఉంది. ఏడాదిలో 10 లక్షలు దాటితేనే టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను), కాబట్టి మీకు ఆ బెడద లేదు. ఎఫ్‌సీఆర్ఏ చట్టం అంటూ ఎవరైనా భయపెడితే పట్టించుకోకండి, అది బయటి నుంచి ఇక్కడికొచ్చే విరాళాలకు.

పన్ను మినహాయింపు రాదు. దానాలకిచ్చే 80జీ మినహాయింపు మన దేశంలో అనుమతి పొందిన సంస్థలకే, అదీ పాత పన్ను విధానంలో ఉంటేనే. మీరు ఇంకా అమెరికాలో రిటర్నులు వేస్తుంటే సంగతి వేరు. అక్కడ రిజిస్టరైన సంస్థ ద్వారా ఇస్తే అక్కడి పన్నులో తగ్గించుకునే వీలుంది, మీ ఆడిటర్‌ను అడగండి.

ఇంకొక్క మాట, డబ్బుది కాదు. ‘నీకోసం ఇస్తున్నాం’ అని పాపతో అనకండి. ఆ వయసు పిల్లలు దాన్ని తీర్చాల్సిన బాకీ అనుకుంటారు. డబ్బు పంపే రోజు పక్కన కూర్చోబెట్టుకోండి, ఆసుపత్రి పేరు తనచేతే టైపు చేయించండి. ఆర్డీ మాత్రం మీ పేరు మీదే తెరవండి.