విశాఖలో చిన్న ఆర్కిటెక్ట్ ఆఫీసు మాది, వర్కింగ్ డ్రాయింగ్స్, రెవిట్ మోడల్ బయటికి ఇవ్వొచ్చా?

మీరు అడిగింది ఏంటంటే, ఎంవీపీ కాలనీలో నలుగురితో నడిచే ఆఫీసు, ఒకేసారి మూడు అపార్ట్‌మెంట్లు వచ్చిపడ్డాయి, వర్కింగ్ డ్రాయింగ్స్ (సైట్‌లో చూసి కట్టే వివరమైన డ్రాయింగ్స్), రెవిట్ సాఫ్ట్‌వేర్‌లో చేసే బిల్డింగ్ 3డీ మోడల్ బయట టీమ్‌కి ఇస్తే కలిసొస్తుందా లేక పేరు పోతుందా అని. నేను రెండు వైపులా కూర్చున్నవాణ్ణి. ముందు ఆరేళ్ళు మధురవాడలో ఒక ఆఫీసులో అమెరికా ఆర్కిటెక్టులకి డ్రాయింగ్స్ చేసిచ్చేవాణ్ణి, ఇప్పుడు సిరిపురంలో ఒక ఆర్కిటెక్ట్ గారి దగ్గర ఉంటూ మా పనే బయటికి పంపిస్తున్నా. ఇవ్వొచ్చండి. కానీ గీసే పని ఇవ్వండి, తేల్చే పని ఇవ్వకండి. మీరు తేల్చకుండా వదిలేసింది ఏదైనా అక్కడెవరో ఊహించి గీసేస్తారు, ఆ గీత చూసే ఇక్కడ మేస్త్రీ గోడ కట్టేస్తాడు.

మధురవాడలో చేరిన కొత్తలో అలా ఊహించింది నేనే. ఒక ఆఫీస్ బిల్డింగు కారిడార్ వెడల్పు 44 అంగుళాలని అమెరికా ఆర్కిటెక్టులు దిద్ది పంపిన మార్కప్‌లో ఉంది. అక్కడ లోపలి గోడలు మనలా ఇటుకవి కాదు, స్టడ్‌లు అనే నిలువు పట్టీలు నిలబెట్టి రెండు వైపులా జిప్సమ్ బోర్డు కొడతారు. ఆ 44 స్టడ్ నుంచి స్టడ్‌కా, బోర్డు కొట్టాక మిగిలేదా అని వాళ్ళు రాయలేదు, నేనూ అడగలేదు, స్టడ్ నుంచి స్టడ్‌కి పెట్టేశా. అటు 5/8 అంగుళం, ఇటు 5/8 అంగుళం బోర్డు పడేసరికి ఒకటింపావు పోయి 42 ముప్పావు మిగిలింది, వాళ్ళ కోడ్ ప్రకారం ఆ కారిడార్‌కి 44 పూర్తిగా ఖాళీ ఉండాలి. పర్మిట్‌కి వెళ్ళేముందు వాళ్ళ చెకింగ్‌లో దొరికింది కాబట్టి సరిపోయింది, అప్పటికే ఆ ఫ్లోర్‌లో గదులన్నీ మళ్ళీ జరపడానికి మా టీమ్‌కి మూడు రోజులు పట్టింది. అడగడానికి రెండు నిమిషాలు చాలు. అప్పట్నుంచి నాకు ప్రశ్నలు అడిగే టీమ్ అంటేనే నమ్మకం, పని ఇచ్చాక రెండు రోజులు ఒక్క ప్రశ్న కూడా రాకపోతే నేనే ఫోన్ చేస్తా.

ఇటువైపు వచ్చాక ఇంకోటి తెలిసింది. బీచ్ రోడ్డులో సాగర్ నగర్ దగ్గర ఒక ఇల్లు, వర్కింగ్ సెట్ వేరే ఊరి టీమ్‌కి ఇచ్చాం. సెట్ నీట్‌గా వచ్చింది, షీట్ నంబర్లు, డోర్ షెడ్యూల్ అన్నీ బాగున్నాయి. కానీ అన్ని డ్రాయింగ్స్‌కీ వర్తించే సూచనలుండే జనరల్ నోట్స్ షీట్ వాళ్ళ పాత టెంప్లేట్ నుంచి తెచ్చి పెట్టేశారు, అందులో స్లాబ్ కవర్, అంటే కమ్మీ మీద ఉండే కాంక్రీట్ మందం, 20 ఎంఎం అని ఉంది. మన కాంక్రీట్ కోడ్ ఐఎస్ 456లో 20 అనేది మైల్డ్ ఎక్స్‌పోజర్‌కి, అంటే వాతావరణం పెద్దగా దెబ్బతీయని చోటుకి, సముద్రం గాలి తగిలేచోటు సివియర్ కిందకి వస్తుంది, దానికి 45 ఎంఎం. స్ట్రక్చరల్ ఇంజనీర్ గారి డ్రాయింగ్‌లో 45 సరిగ్గానే ఉంది, మా షీట్‌లో 20. సెంట్రింగ్ అయ్యాక సైట్ ఇంజనీర్ ఫోన్ చేసి ‘సార్, ఏది పెట్టమంటారు’ అని అడిగాడు కాబట్టి బతికిపోయాం. ఈ ఉప్పుగాలికి కమ్మీ ఎలా తుప్పుపట్టి స్లాబ్ పెచ్చులూడుతుందో వైజాగ్‌లో పాత బిల్డింగుల కింద నిలబడి చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, దూరంగా కూర్చుని గీసేవాళ్ళకి మనమే చెప్పాలి. కిటికీల సంగతీ అంతే, డిజైన్‌కి తీసుకునే గాలి వేగం హైదరాబాద్‌కి సెకనుకి 44 మీటర్లయితే మనకి 50, 2014 హుద్‌హుద్ రోజు అద్దాలు ఎలా పగిలాయో చూశాం కదా. అందుకే జనరల్ నోట్స్ షీట్ మాత్రం ఇప్పుడు మేమే రాసి పంపిస్తాం, ఎవరికీ వదలం.

మోడల్ విషయానికొస్తే, కొటేషన్ అడిగేటప్పుడు ఎల్ఓడీ (మోడల్‌లో ఎంత వివరం ఉండాలో చెప్పే నంబర్) ఎంత అనేది ఒక్క మాటలో తేల్చేయకండి, బిల్డింగంతా 400 కావాలి అంటే డబ్బులు దండగ, అది ఫ్యాక్టరీలో తయారుచేసే వివరం. మీ అపార్ట్‌మెంట్లకి సైజు, చోటు కరెక్ట్‌గా ఉండే 300 చాలు, ఏసీ, ప్లంబింగ్ పైపులు బీమ్‌ల కింద నుంచి దూరే చోట మాత్రం సపోర్టులతో సహా 350 అడగండి, నిజంగా గొడవలు వచ్చేది అక్కడే. ఇంకా రెవిట్ వెర్షన్ ముందే రాసుకోండి. మేము 2022 వెర్షన్‌లో చేస్తుంటే బయట టీమ్ 2023 వెర్షన్‌లో తెరిచి సేవ్ చేసేసింది, దాన్ని మళ్ళీ పాత వెర్షన్‌లోకి తేవడం కుదరదు, మా ప్లంబింగ్ కన్సల్టెంట్‌కి ఫైలే తెరుచుకోలేదు, బ్యాకప్ నుంచి ఐదు రోజుల పని మళ్ళీ చేశాం.

రాత్రికి రాత్రే పని అయిపోతుంది అనే మాట వింటుంటారు, అది అమెరికా వాళ్ళ విషయంలో నిజం. ఎండాకాలంలో మనకి సాయంత్రం ఏడు అంటే న్యూయార్క్‌లో పొద్దున్న తొమ్మిదిన్నర, మేము పంపిన షీట్లు వాళ్ళు ఆఫీసుకి వచ్చేసరికి రెడీగా ఉండేవి. మీరు ఇక్కడి టీమ్‌కే ఇస్తే ఆ లాభం ఉండదు, దాన్ని నమ్ముకుని క్లయింట్‌కి డేట్ ఇవ్వకండి. చెక్ చేయడానికి మీ నలుగురిలో ఒకరి టైమ్ పూర్తిగా పక్కన పెట్టాలి, ఆ జీతం కూడా లెక్కలో వేస్తేనే మీకు కలిసొస్తుందో లేదో తెలుస్తుంది. సంతకం మీది, తప్పు జరిగితే క్లయింట్ వచ్చేది మీ దగ్గరికే.

డబ్బులు షీట్ లెక్కన మాట్లాడుకోకండి, ఒక షీట్‌లో పట్టేది మూడు షీట్లు చేస్తారు. మేమైతే దశలవారీగా ఇస్తాం, చివరి భాగం ఒరిజినల్ ఫైళ్ళు చేతికొచ్చాకే, పీడీఎఫ్ చూసి ఇవ్వం.

మూడు అపార్ట్‌మెంట్లూ ఒకేసారి ఇవ్వకండి. చిన్నదాని మెట్లు, ఒక టాయిలెట్, ఈ రెండే ముందు పంపించండి. టాయిలెట్‌లో సంకెన్ లోతు, అంటే పైపుల కోసం స్లాబ్‌ని ఎంత కిందకి దించాలనేది, కావాలనే రాయకుండా వదిలేయండి. అది ఎంత అని ఫోన్ వస్తే మిగతా పని ఆ టీమ్‌కే ఇవ్వండి.