క్లిప్పు ఇస్తాడు, జంతిక ఇవ్వడు

ప్రశ్న: మా మనవడికి మూడున్నరేళ్లు. డాబా మీద బట్టలారేస్తుంటే క్లిప్పు జారిందంటే చాలు, ఎవరూ చెప్పకుండానే పరిగెత్తుకొచ్చి అందిస్తాడు. అదే చేతిలో జంతిక ఉంటే, మా అమ్మాయి కూతురు ఎంత ఏడ్చినా ఒక్క ముక్క విరిచి పెట్టడు. ‘పంచుకోవాలా, వద్దా?’ అని అడిగితే ‘పంచుకోవాలి’ అంటాడు, తింటూనే! వీడు మంచివాడా, స్వార్థపరుడా? మా కోడలేమో సాయం చేసినప్పుడల్లా చాక్లెట్ చేతిలో పెడుతోంది.
– ఒక నాయనమ్మ, తణుకు

జవాబు: ‘తింటూనే’ దగ్గర నవ్వాపుకోలేకపోయానమ్మా. ముప్పై ఏళ్లు హోమ్‌సైన్సు కాలేజీలో శిశు వికాసం పాఠాలు చెప్పాను. మీ మనవడి లాంటి వాళ్లు మా నర్సరీలో ఏటా పదిమంది ఉండేవాళ్లు.

ముందు క్లిప్పు సంగతి. జర్మనీలోని లైప్‌జిగ్‌లో, మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమాసెల్లో అచ్చం మీ డాబా మీద జరిగేదే పిల్లల ముందు చేసి చూశారు. 2006లో అచ్చయింది. ఒకాయన దండేనికి బట్టలు తగిలిస్తూ క్లిప్పు జారవిడిచి, అందనట్టు చెయ్యి చాస్తాడు. చేతినిండా పుస్తకాలతో వచ్చి, మూసి ఉన్న బీరువా తలుపును ఢీకొంటాడు. ఎదురుగా ఏడాదిన్నర పిల్లలు. 24 మందిలో 22 మంది ఏదో ఒక పనిలోనైనా సాయపడ్డారు. అదే క్లిప్పును ఆయన కావాలని పారేస్తే మాత్రం అంతగా పట్టించుకోలేదు. వస్తువు కింద పడిందని కాదు, ఎదుటి మనిషికి అది కావాలని కనిపెట్టి లేచారన్నమాట. మాటలే సరిగా రాని వయసులో!

చాక్లెట్ మాటకొస్తే, ఆ ఇద్దరే 2008లో ఇరవై నెలల పిల్లలతో ఇంకో పరీక్ష చేశారు. సాయం చేసినప్పుడల్లా ఏదో ఒక ఆట వస్తువు అందుకున్న పిల్లలు, తర్వాత ఏమీ ఇవ్వనప్పుడు సాయం తగ్గించేశారు. మెచ్చుకోలు మాత్రమే దక్కినవాళ్లు, ఏమీ దక్కనివాళ్లు తగ్గించలేదు. కాబట్టి చాక్లెట్ మానెయ్యడం మంచిది. ఆ మాట మీరు చెప్తే కోడలికి వేరేలా వినిపించొచ్చు. ఈ పేజీ తెరిచి టీవీ పక్కన పెట్టి ఊరుకోండి.

ఇక జంతిక. మీవాడు అబద్ధమాడటం లేదు. 2013లో అమెరికాలో మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు స్టిక్కర్లిచ్చి చూశారు. సమంగా పంచాలని అన్ని వయసులవాళ్లూ చెప్పారు. చిన్నవాళ్లు చెప్పి మరీ తమకే ఎక్కువ ఉంచుకున్నారు. తెలియడం ఒకటి, చేతిలోది వదలడం ఇంకొకటి. వదలడం ఏడెనిమిదేళ్లకు గాని కుదురుకోదు. పడిపోయిన క్లిప్పు అందిస్తే వాడికి పోయేదేమీ లేదు. జంతిక ఇస్తే జంతిక పోతుంది! ఈ రెండూ కలిపి మంచివాడా చెడ్డవాడా అని తీర్పు చెప్పకండి.

ఒకటి చేసి చూడండి. పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి వేరుశెనక్కాయలు ఒకే గిన్నెలోకి ఒలిపించండి. పంచే పని వాళ్లకే వదిలెయ్యండి. 2011లో లైప్‌జిగ్‌లోనే మూడేళ్ల పిల్లలు ఇద్దరిద్దరు కలిసి తాడు లాగితే బహుమతులు వచ్చేలా ఒక అమరిక చేశారు. ఒకరికి మూడు, ఇంకొకరికి ఒకటి వచ్చేవి. కలిసి లాగినప్పుడు, ఎక్కువ వచ్చినవాడు చాలాసార్లు ఒకటి తీసి రెండోవాడికిచ్చేవాడు. కష్టపడకుండా దొరికితే అలా ఇవ్వడం తక్కువ. మా నర్సరీలోనూ, ఇద్దరు పట్టుకుంటే గాని లేవని ఇసుక బుట్ట ఒకటి ఉండేది. అది మోసుకొచ్చిన రోజు బొమ్మల దగ్గర గొడవలు తక్కువగా ఉండేవి. ప్రతిసారీ పారుతుందని మాటివ్వలేను. మా చెల్లెలి మనవడు ఒలుస్తూనే సగం గింజలు నోట్లో వేసుకున్నాడు.

ప్రశ్న: మా పాపకు మూడేళ్లు. దాగుడుమూతల్లో బీరువా పక్కన నక్కి, ‘నాన్నా, నేనిక్కడున్నా’ అని తనే అరుస్తుంది. తెలివి తక్కువేమోనని భయంగా ఉంది.
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: భయం వద్దు బాబూ. తనకు తెలిసినది ఎదుటివాళ్లకు తెలియకపోవచ్చన్నది ఆ వయసుకు ఇంకా గట్టిపడదు. మేం బిస్కెట్ల డబ్బాలో సూదీదారాలు పెట్టి పిల్లలకు చూపించేవాళ్లం. మూత పెట్టేసి, ‘ఇప్పుడొచ్చే రాముకు ఇందులో ఏముందనిపిస్తుంది?’ అని అడిగితే మూడేళ్లవాళ్లు ‘సూదీదారాలు’ అనేవాళ్లు. పాపం, రాము డబ్బా తెరిచి చూడనే లేదు! నాలుగు దాటినవాళ్లు నవ్వుతూ ‘బిస్కెట్లు’ అనేవాళ్లు. ఇలాంటి పరీక్షే ఇండియా, కెనడా, పెరూ, సమోవా, థాయ్‌లాండ్‌లలో చేసి 2005లో ప్రకటించారు. అన్నిచోట్లా మూడుకీ అయిదుకీ మధ్యనే ఈ మార్పు కనిపించింది.

ప్రస్తుతానికి ఆమె అరిచినా వినపడనట్టు మంచం కింద, తలుపు చాటున వెతకండి. ఇంకో ఏడాది పోతే నిజంగానే వెతుక్కోవాల్సి వస్తుంది.